గుంటూరు నుంచి కన్యాకుమారికి బండి మీద ఒంటరిగా: వెళ్లడం సబబేనా?

ప్రశ్న (అరండల్‌పేట వాసి)

అందరికీ నమస్కారం. నా వయసు 27. సంక్రాంతి తరువాత నా 150 సీసీ బండి మీద చెన్నై, తిరుచ్చి, మదురై మీదుగా కన్యాకుమారి వెళ్లి రావాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. పోను సుమారు 1,100 కిలోమీటర్లు. సెలవు ఐదు రోజులు. మా అమ్మ ఒప్పుకోవడం లేదు. మా మేనమామ చిలకలూరిపేట దగ్గర హైవే మీద బండి నుంచి పడి కాలు పోగొట్టుకున్నారు కనుక ఆమె భయాన్ని నేను కొట్టిపారేయలేను. ఈ ప్రయాణంలో దొరికేది అందులోని ప్రమాదానికి తగినదేనా? అనుభవం ఉన్నవారు దాచకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (ఆటోనగర్, విజయవాడ)

మీ బండి గురించి నాకు దిగులు లేదు, మీ ఐదు రోజుల గురించే ఉంది. రానుపోను 2,200 కిలోమీటర్లను ఐదు రోజులకు పంచితే రోజుకు 440 వస్తుంది. ఊళ్లలో చిక్కుకునే సమయం కలుపుకుంటే ప్రతిరోజూ పది గంటలు హ్యాండిల్ పట్టుకొనే ఉండాలి. పదేళ్ల క్రితం నేనూ ఇదే లెక్క వేసుకున్నాను. సోమవారం ఉదయానికి పనిలో ఉండాలని ఆదివారం రాత్రి చెన్నైలో బయలుదేరి, ఒంగోలు దాటాక తెల్లవారుజామున మూడున్నరకు రోడ్డు పక్క కంకరలో కళ్లు తెరిచాను. మెడ కింది ఎముక విరిగింది. నిద్ర వస్తోందని నాకు అంతకుముందు ఒక్కసారి కూడా అనిపించలేదు; అసలు ప్రమాదం అక్కడే ఉంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది కనుక, రెప్ప రెండు సెకన్లు వాలితే 44 మీటర్లు మనిషి లేని బండిగా నడిచినట్టే. తెల్లవారుజామున, మళ్లీ భోజనం తరువాత రెండు నుంచి నాలుగు గంటల మధ్య, శరీరం తనంతట తానే నిద్రకు లొంగుతుంది. దీనికి టీ మందు కాదు, ఆగి పడుకోవడమే మందు.

చీకటి పడ్డాక నడపకండి. వెనుక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కులు, ఎదురు దిశలో వచ్చే బండ్లు, మన జిల్లాల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం రాత్రిపూట దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. జనవరిలో మంచు కూడా పడుతుంది కాబట్టి ఎండ వచ్చాకే బయలుదేరండి.

జవాబు (రాత్రి డ్యూటీ, గుంటూరు)

నేను ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఎనిమిదేళ్లుగా నర్సును. హెల్మెట్ ఉండి కూడా తలకు దెబ్బ తగిలి వచ్చినవారిని చాలామందిని చూశాను. గడ్డం కింది పట్టీ బిగించకపోతే తల నేలను తాకేలోపే హెల్మెట్ ఎగిరిపోతుంది. ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొని, పట్టీలో రెండు వేళ్లకు మించి పట్టకుండా బిగించండి. చీలమండను కప్పే బూట్లు కూడా కొనండి, ఎందుకంటే బండి పక్కకు ఒరిగినప్పుడు దాని కింద నలిగేది పాదమే.

డబ్బు సంగతీ చెప్పాలి. థర్డ్ పార్టీ బీమా ఎదుటివారికే పనికివస్తుంది. యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. ఆసుపత్రి ఖర్చుకు ఆరోగ్య బీమా వేరుగా ఉండాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అంబులెన్సుకు 108 అని రాసిన చీటీని, మీ రక్తం గ్రూపుతో సహా, చొక్కా జేబులో పెట్టుకోండి. వెళ్లవద్దని నేను అనను. మీ అమ్మగారి భయం మాత్రం న్యాయమైనదే.

జవాబు (కృష్ణలంక)

దొరికేదేమిటో ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. రైల్లో మదురై నాలుగుసార్లు వెళ్లాను. ఏమీ గుర్తు లేదు. బండి మీద ఒక్కసారి, జూలైలో, వెళ్లాను. తడ దాటాక బోర్డుల మీద అక్షరాలు మారడం, టీ కొట్టులో భాష రాక చేతులతో అడిగితే ఒక పెద్దాయన ఇంకో గ్లాసు తెచ్చి నా పక్కనే కూర్చోవడం, మదురై దాటి కన్యాకుమారి దగ్గరపడ్డాక వచ్చే ఆరల్వాయ్‌మొళి కనుమ దగ్గర గాలిమరలు కనబడిన కాసేపటికే పక్కగాలి బండిని లారీ వైపు తోయడం, అన్నీ నిన్న జరిగినట్టే ఉన్నాయి. ఆ గాలికి వేగం 40కి తగ్గించి, ఒళ్లు వదులుగా ఉంచి నడిపాను. జనవరిలో అంత బలం ఉండదు.

అయితే వచ్చిన దారినే తిరిగి రావడంలో అలసట తప్ప కొత్తగా ఏమీ లేదని నా అభిప్రాయం. నేను మదురై స్టేషన్‌లో బండిని పార్సిల్ వేసి రైలెక్కాను. ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు అడుగుతారు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. దానితో ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుంది, మీరు పొందేది ఏమాత్రం తగ్గదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఏడు రోజుల సెలవు అడిగాను. తిరుగు ప్రయాణం రైల్లోనే. ఈ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఇంకా సరేననలేదు కానీ, ప్రతిరోజూ చీకటి పడేసరికి ఏ ఊళ్లో ఆగుతానో కాగితం మీద రాసిమ్మని అడిగింది. మొదటి రాత్రి నెల్లూరు అని రాశాను.