పోర్టల్‌లో పేరిచ్చిన ఆటగాడు వెనక్కి రావచ్చా?

అమెరికాలో ఎమ్మెస్ చేసిన రోజుల నుంచీ మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ అంటే పిచ్చి. ఓటములు సరే, అలవాటైపోయాయి. ఇప్పుడు ఆటగాళ్లు ఒక్కొక్కరే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరిచ్చే ఆన్‌లైన్ జాబితాలోకి, వెళ్లిపోతున్నారు. మొన్నే మా పాయింట్ గార్డ్ జెర్సీ కొన్నాను. ట్యాగ్ కూడా తీయలేదు, అతనూ పేరిచ్చేశాడు! 2021కి ముందు కాలేజీ మారితే మామూలుగా ఏడాది బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే చాలు, ఎన్నిసార్లైనా మారొచ్చు.

కోచ్ మాత్రం కదలడు. తీసేస్తే మిగిలిన కాంట్రాక్టు డబ్బు కట్టాలట. ఆఖరి నిమిషంలో కూడా టైమౌట్ అడగని మనిషికి!

తెలిసినవాళ్లు చెప్పండి: పోర్టల్‌లో పేరిచ్చినవాడు మనసు మార్చుకుని తిరిగి రావచ్చా? వస్తే పాత స్కాలర్‌షిప్ ఇచ్చి తీరాలా? కోచ్‌ని మారిస్తే ఉన్న నలుగురూ పోతారేమోనని ఇంకో టెన్షన్.