ఫ్రాన్ బో: మాత్ర మింగాక కనిపించేది నిజమా, పిల్ల భ్రమా?

చీకటిగది:
నిన్న రాత్రి ఫ్రాన్ బో మొదలెట్టా, ఇప్పుడు రెండో చాప్టర్‌లో ఉన్నా. బొమ్మలు చూసి పిల్లల గేమ్ అనుకున్నా, అక్కడే బుక్కయ్యా. 1944లో జరిగే కథ, ఫ్రాన్ అనే పదేళ్ళ పిల్ల, అమ్మానాన్నల్ని ఎవరో ముక్కలు చేసి చంపేస్తే దీన్ని తీసుకెళ్ళి ఓస్వాల్డ్ అసైలమ్ అనే పిచ్చాసుపత్రిలో పడేశారు, అక్కడ్నుంచి తప్పించుకుని తన పిల్లి మిస్టర్ మిడ్‌నైట్‌ని వెతుక్కోవాలి. ఇదంతా బానే ఉంది. నా ప్రాబ్లమ్ ఆ పిల్ల మింగే డ్యుయోటిన్ మాత్రలతో. డబ్బా మీద క్లిక్ చేస్తే గది అదే, మంచం అదే, కానీ గోడలనిండా నెత్తురు, మూలన నల్లటి ఆకారాలు ఊరికే నిలబడి ఉంటాయి, అవి ఏం చెయ్యవు కూడా, చేస్తే బాగుండు అనిపిస్తోంది. ఉన్నట్టుండి మీదకొచ్చి ఉలిక్కిపడేలా చేసే జంప్‌స్కేర్ ఒక్కటి లేదు, అయినా రాత్రి నిద్ర లేదు. రెండు డౌట్లు. మాత్రలు వాడకుండా పూర్తి చెయ్యొచ్చా? అసలు ఆ కనిపించేది నిజమా, భ్రమా? ఎండింగ్ మాత్రం చెప్పకండి ప్లీజ్.

పాతడిస్క్:
కుదరదు బ్రో. కొన్ని వస్తువులు మాత్ర వేసుకున్నాకే కనిపిస్తాయి, అవి లేకపోతే పజిల్ ముందుకి కదలదు. కొత్త గదిలోకి వెళ్ళగానే ముందు మామూలుగా మొత్తం క్లిక్ చేసి చూడు, తర్వాత మాత్ర వేసి మళ్ళీ చూడు, అంతే.

నిద్ర పట్టకపోడానికి కారణం కూడా అదే అనుకుంటా. మామూలు హారర్ గేమ్‌లో దెయ్యం మీదకొస్తుంది, పరిగెత్తుతాం, అయిపోతుంది. ఇక్కడ మధ్యలో వచ్చే మినీగేమ్స్ తీసేస్తే తరిమేవాడే లేడు, ఎంతసేపైనా కూర్చోవచ్చు, మౌస్ ఆ డబ్బా మీద పెట్టి ఆలోచిస్తూ ఉండొచ్చు. కానీ నొక్కాల్సింది మాత్రం మనమే. నేనైతే ఒకసారి టీ పెట్టుకునొచ్చి మరీ నొక్కా 😅

పిల్లిమీసం:
నిజమా భ్రమా అని తేల్చుకోవాలని కూర్చుంటే గేమ్ ఎంజాయ్ చెయ్యలేవు. ఫ్రాన్ ఎక్కడా "నాకు పిచ్చేమో" అని కంగారుపడదు చూడు, ఆ నల్ల ఆకారాల్ని కూడా పక్కింటోళ్ళని పలకరించినట్టు పలకరిస్తుంది. అబద్ధాలాడేదంతా పెద్దోళ్ళే. నా లెక్కలో మాత్ర వేస్తే భ్రమ కనపడ్డం కాదు, పెద్దోళ్ళు దాచింది బయటపడ్డం. మూడో చాప్టర్‌లో ఇథర్‌స్టా అనే చోటికి వెళ్తావ్, అక్కడ మాత్రల బదులు రుతువులు మార్చుకుంటూ పజిల్స్ చెయ్యాలి, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. అన్నట్టు దీన్ని చేసింది కిల్‌మండే గేమ్స్, నటాలియా, ఐసాక్ మార్టిన్సన్ అనే మొగుడూ పెళ్ళాలు, 2015లో వచ్చింది. ఇంత చిన్న టీమ్ అంటే నేను ముందు నమ్మలా.

తిక్కశంకర్:
@పిల్లిమీసం నేను ఒప్పుకోను అక్కా. దాచింది బయటపడ్డం అంటే చివరికి ఒక లెక్క తేలాలి కదా, అయిదో చాప్టర్ అయ్యాక నాకు తేలింది ఏంటంటే నేను మొదటినుంచి ఆడాలని. వాతావరణానికి పదికి పది, కథ ముడి విప్పడానికి నాలుగు. ముడి సరిగ్గా విప్పిన గేమ్ కావాలంటే సానిటేరియం ఆడండి, 1998ది. మొహం నిండా బ్యాండేజీ కట్లతో ఒకడు పిచ్చాసుపత్రిలో లేస్తాడు, పేరు కూడా గుర్తుండదు. ఒక ఊళ్ళో పెద్దోళ్ళే ఉండరు, ఒళ్ళు వికారంగా మారిపోయిన పిల్లలు మాత్రం దాగుడుమూతలు ఆడదాం రమ్మంటారు, ఆడాలి కూడా. నడవడానికి రైట్ బటన్ నొక్కిపట్టుకోవాలి, అదో నరకం, వాడు నత్తకి తమ్ముడు.

పాతడిస్క్:
సానిటేరియంకి నా ఓటు కూడా. ద క్యాట్ లేడీ కూడా ఎవరో ఒకరు చెప్తారు, మంచి గేమే, కానీ అది ఆత్మహత్యతోనే మొదలవుతుంది, మనసు బాలేని రోజుల్లో దాని జోలికి పోకండి. పైగా దాన్లో మౌస్ పనిలేదు, అంతా కీబోర్డే.

చీకటిగది:
థాంక్స్ అందరికీ. పొద్దున కిటికీలు అన్నీ తీసి, సౌండ్ సగానికి తగ్గించి, రెండో చాప్టర్‌లో వచ్చే కవలల ఇంట్లో మాత్ర వేశా. వేసి ఆపేశా. సాయంత్రం తమ్ముడొస్తాడు, వాడి చేత నొక్కిస్తా.