టెల్నెట్ క్లయింట్: ఎంటర్ రెండుసార్లు పడుతోంది, ఒడియా పేరు వస్తే కర్సర్ పైకి పోతోంది

బరంపురం_కాటా:
పర్లాకిమిడి దగ్గర ధాన్యం కాటా కంట్రోలర్‌కి బరంపురం ఆఫీసు నుంచి 23వ పోర్టులో టెల్నెట్ (దూరంగా ఉన్న యంత్రంలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి) ద్వారా కనెక్ట్ అవుతున్నాం. పైథాన్ 3.13లో టెల్నెట్‌లిబ్ అనే లైబ్రరీని తీసేశారు కాబట్టి క్లయింట్‌ని నేరుగా సాకెట్ మీద రాశాను. తంటాలు మూడు.

యూజర్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, పాస్‌వర్డ్ టైపు చేసేలోపే తప్పు అంటోంది. ఎంటర్‌కి 13 (వరుస మొదటికి), 10 (కింది వరుసకి) అనే రెండు బైట్లు పంపుతున్నాను.

లారీల లాగ్ యూటీఎఫ్-8లో (ఒక్కో తెలుగు, ఒడియా గుర్తుని మూడు బైట్లుగా రాసే పద్ధతి) ఉంది. తెలుగులో బరంపురం అని ఉన్న వరుస శుభ్రంగా వస్తుంది. అదే ఊరు ఒడియా లిపిలో బ్రహ్మపుర అని ఉంటే కర్సర్ రెండు వరుసలు పైకెళ్లి పాత బరువుల మీద రాసేస్తోంది.

కాలిబ్రేషన్ ఫైలు పంపితే అవతల చెక్‌సమ్ (ఫైలు చెడకుండా చేరిందో లేదో చూసే లెక్క) కలవడం లేదు.

వచ్చిన ప్రతి బైటునీ ముందు కంట్రోల్ పట్టికలో (కర్సర్ కదపడం లాంటి ఆదేశాల బైట్ల జాబితా) చూస్తున్నాను. అందులో ఉంటే ఆ పని చేయించి, లేకపోతే బైట్లని అక్షరాలుగా మార్చే డీకోడర్‌కి ఇస్తున్నాను.

రాయగడ_సీరియల్:
కర్సర్ సంగతి మీ ఆఖరి వాక్యంలోనే ఉందండి. యూటీఎఫ్-8లో ఒడియా హలంత గుర్తు 224, 173, 141. విడిగా చూస్తే 141 అంటే 8-బిట్ టెర్మినల్ భాషలో "ఒక వరుస పైకి వెళ్లు". బ్రహ్మపురలో రెండు వత్తులున్నాయి, అందుకే సరిగ్గా రెండు వరుసలు. బరంపురంలో వత్తు లేదు. అందులోని సున్నాకి 130, కొమ్ముకి 129 చివరి బైట్లుగా వస్తాయి. ఈ రెంటికీ టెర్మినళ్లు ఏ పనీ చేయవు కాబట్టి మీ పట్టికలోనూ ఉండి ఉండవు.

ఇది ఒడియా ఒక్కదాని గొడవ కాదు. యూనికోడ్‌లో మన లిపుల వరుస ఇంచుమించు ఒకటే, కాబట్టి తెలుగు పొల్లు చివరి బైటు కూడా 141. తెలుగులో అ 133తో ముగుస్తుంది, అంటే కొత్త వరుస. ఛ 155తో ముగుస్తుంది, అది ఎస్కేప్ సీక్వెన్సుకి, అంటే కొన్ని బైట్లు కలిసిన ఆదేశానికి, మొదలు. ఛత్రపురం లారీ వస్తే పక్క అక్షరాలు కూడా మింగేస్తుంది. ఐ ఇంకా ప్రమాదం: 144 వచ్చాక ముగింపు గుర్తు వచ్చేదాకా అంతా మాయం.

వరుస ఇలా పెట్టండి: ముందు 255తో మొదలయ్యే టెల్నెట్ ఆదేశాల బైట్లు తీసేయాలి, తర్వాత యూటీఎఫ్-8 డీకోడ్, ఆ తర్వాతే కంట్రోల్ పట్టిక. డీకోడర్ ఇంక్రిమెంటల్‌ది (సగం వచ్చిన అక్షరాన్ని గుర్తుంచుకునేది) వాడండి, లేకపోతే అక్షరం రెండు ప్యాకెట్ల మధ్య విరిగినప్పుడల్లా చెత్త గుర్తులు వస్తాయి. 128–159 కమాండ్లని అసలు పట్టించుకోకపోయినా నష్టం లేదు, ఈ రోజుల్లో దాదాపు అన్ని ప్రోగ్రాములూ 27 (ఎస్కేప్ బైటు)తో మొదలయ్యే రూపమే పంపుతాయి.

సిరోంచ_నెట్:
లాగిన్ గురించి: ఆ కంట్రోలర్ 13ని ఒక ఎంటర్‌గా, 10ని ఇంకో ఎంటర్‌గా తీసుకుంటోంది. రెండోది ఖాళీ పాస్‌వర్డ్ అవుతోంది. 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 1123 ప్రకారం 13, 10 వచ్చినా 13, 0 వచ్చినా సర్వర్ ఒకేలా చూడాలి, చిన్న పరికరాలు చాలావరకు ఆ మాట పట్టించుకోవు. 13, 0 పంపి చూడండి.

కానీ ముందు అవతల ఉన్నది నిజంగా టెల్నెటేనా అన్నది తేల్చుకోండి. కనెక్ట్ అవగానే వచ్చే బైట్లలో 255 ఉందా? అసలు లేకపోతే, 23వ పోర్టు అయినా అది ఉత్త టీసీపీ (టెల్నెట్ నియమాలు లేని మామూలు కనెక్షన్) కావచ్చు. అక్కడ 13, 0 పంపితే ఆ 0 వెళ్లి పాస్‌వర్డ్‌కి అంటుకుంటుంది. అలాంటి చోట 13 ఒక్కటే పంపాలి.

బరంపురం_కాటా:
మొదట 255 251 1, వెంటనే 255 251 3 వస్తున్నాయి. 13, 0తో లాగిన్ అయింది. డీకోడ్ ముందుకు జరిపాక బ్రహ్మపుర కూడా సరిగ్గా వస్తోంది. లాగ్‌లో మాత్రం అక్కడక్కడ ఖాళీ వరుసలు వస్తున్నాయి, ప్రతిసారీ ఒకే చోట కాదు.

రాయగడ_సీరియల్:
255 251 1 అంటే "ఎకో (టైపు చేసినదాన్ని తిరిగి చూపడం) నేను ఇస్తాను" అని. 255 253 1 అని జవాబిచ్చి మీ వైపు ఎకో ఆపండి. రెండోదానికి 255 253 3.

చోటు మారుతోందంటే వచ్చిన ముక్కని ముక్కగానే వరుసలుగా మార్చేస్తున్నారన్నమాట. 13 ఒక ముక్క చివర, 10 తర్వాతి ముక్క మొదట్లో పడితే రెండూ వేర్వేరు వరుసలుగా లెక్కపడతాయి. టీసీపీ ఎక్కడ విరుస్తుందో మన చేతిలో లేదు. "కిందటి బైటు 13" అని ఒక ఫ్లాగ్ ఉంచుకుని, తర్వాత 10 వస్తే వరుస ముగించండి, 0 వస్తే దాన్ని పారేసి కర్సర్‌ని వరుస మొదటికి తేండి. 255 తర్వాతి బైట్లకీ ఇలాగే ఫ్లాగ్ కావాలి.

సిరోంచ_నెట్:
ఫైలు చెక్‌సమ్‌కి: డేటాలో 255 ఉన్న ప్రతిచోటా 255, 255 పంపాలి, వచ్చేటప్పుడు జంటని ఒకటి చేయాలి. యూటీఎఫ్-8లో 255 ఎప్పుడూ రాదు, అందుకే లాగ్‌లో ఈ లోపం కనపడలేదు, బైనరీ ఫైల్లోనే బయటపడింది. బైనరీ ఆప్షన్, అంటే 0, అడిగి ఒప్పించుకుంటే 13 వెనక 0 చేర్చే పని తప్పుతుంది. 255ని రెట్టించడం మాత్రం అప్పుడూ తప్పదు. ఈ ఒప్పందం ఒక్కో దిశకీ విడిగా జరగాలి. మీరు పంపేదానికి 255 251 0 అని, అవతలి నుంచి 255 253 0 వచ్చాకే ఫైలు మొదలుపెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా ఫైలు మధ్యలో ఆగిపోతే కంట్రోలర్ సీరియల్ వైపు సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఫైల్లోని 19 అన్న బైటే "ఆపు" అవుతుంది, 17 వచ్చేదాకా కదలదు.