మసాజ్ చేసేవారికి టిప్ ఇవ్వాలా? జీతం ఎవరి బాధ్యత?

మారతహళ్లి వాసి:
బెంగళూరులో గంట మసాజ్‌కు రెండు వేలకు పైగా బిల్లు వేశారు. కట్టబోతుంటే కౌంటరులో ఉన్నాయన "టిప్ కూడా కార్డులోనే కలపమంటారా?" అన్నాడు. జీతం ఇవ్వాల్సింది యజమాని. మధ్యలో నేనెందుకు? పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సేవలపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ మిగులైనా వాళ్ల జీతాల్లోకి వెళ్లిందా?

చిన్న వ్యాపారి:
మిగులు ఎక్కడిదండీ? 5 శాతం రేటు వచ్చింది, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ఖర్చుల మీద మేం కట్టిన జీఎస్టీని సర్దుకునే వీలు, పోయింది. షాపు అద్దె మీద కట్టే 18 శాతం ఇప్పుడు నా నెత్తినే. నేను కొంత మూల జీతం, ఆపైన మసాజ్‌కు ఇంత అని కమిషన్ ఇస్తాను. ఎవరూ రాని రోజు కూడా పూర్తి జీతం అంటే ఇందిరానగర్ అద్దెలకు షట్టరు దించుకోవాల్సిందే.

లెక్కల పంతులు:
వ్యాపారి గారూ, కస్టమరు రాకపోతే ఆ నష్టం మీది, ఉద్యోగిది కాదు. రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయమైన మనిషి పనికి సిద్ధంగా ఉండీ, పని లేక తక్కువ గంటలు చేసినా ఆ రోజుకు పూర్తి వేతనం ఇవ్వాలని 1948 నాటి కనీస వేతనాల చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. ఇక కార్డు మీద టిప్ సంగతి. అది కస్టమరు ఇచ్చిన సొమ్మే తప్ప జీతం కాదని, హోటలు దాన్ని ఉద్యోగుల తరఫున ఉంచుకుంటుందంతేనని 2016లో ఐటీసీ హోటళ్ల కేసులో సుప్రీంకోర్టు అంది. పన్ను వివాదంలో వచ్చిన తీర్పే అనుకోండి. అయినా "టిప్పులు బాగా వస్తాయి, జీతం ఇంతే" అనే యజమానులు ఒకసారి చదవాలి.

కర్నూలు అమ్మాయి:
నేను ఈ పనిలోనే ఉన్నాను. రోజుకు నాలుగైదు పూర్తి మసాజులు చేస్తే సాయంత్రానికి బొటనవేళ్లు, మణికట్లు మాట వినవు. కమిషన్ మీద బతికే మనిషి ఆ నొప్పితోనే మర్నాడూ వస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది, ఎవరూ దాని ఊసెత్తలేదు. టిప్ మీద ఇల్లు గడవాలంటే, హద్దు మీరి మాట్లాడే కస్టమరుతో "ఇక చాలు, లేవండి" అనడానికి నోరు రాదు. కొందరైతే నోటు చూపించే అడుగుతారు. మూల జీతం గట్టిగా ఉన్న చోట నేను తలుపు తీసుకుని బయటకు వచ్చేశాను. మరో చోట రాలేకపోయాను. టిప్ వద్దనడం లేదు. ఇచ్చేవారు చేతికే ఇవ్వండి. కౌంటరులో వేస్తే నెలాఖరున మాకు ఎంత చేరుతుందో మాకే తెలియదు.

యలహంక:
ఇళ్లకు వచ్చి చేసేవారినీ లెక్కలోకి తీసుకోండి. మడత మంచం స్కూటరు మీద కట్టుకుని సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్ దాటే గంటకు ఎవరు కడతారు? యాప్‌ల ద్వారా పని చేసే గిగ్ కార్మికుల కోసం కర్ణాటక 2025లో తెచ్చిన చట్టం యాప్ సంస్థలపై 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము పెట్టింది. మంచిదే, కానీ ఆ గంట కూలి అందులో లేదు.

చిన్న వ్యాపారి:
టిప్ ఏ రోజుకారోజు చేతికిచ్చేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఖాళీ రోజుల జీతానికి మాత్రం ధర పెంచక తప్పదు. రెండు వేల ఐదు వందలంటే మారతహళ్లి వాసి గారు వస్తారా?

మారతహళ్లి వాసి:
టిప్ అడగనంటే వస్తాను. జీతం ఎంతిస్తున్నారో కూడా ధరల పట్టిక పక్కనే రాసి పెట్టండి.