జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను అధ్యక్షుడిగా చదవాలా, దౌత్యవేత్తగా చదవాలా?

ప్రశ్న: ఒక విద్యార్థి, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్నాను. నా నోట్సులో ఆడమ్స్ గురించి రెండే ముక్కలున్నాయి: అమెరికా ఆరో అధ్యక్షుడు, రెండోసారి ఓడిపోయినవాడు. అయితే అమెరికా ఖండాల్లో ఐరోపా దేశాలు ఇక జోక్యం చేసుకోరాదన్న 1823 నాటి మన్రో సిద్ధాంతం వెనుక ఉన్న ఆలోచనలో పెద్ద భాగం ఆయనదేనని ఈ మధ్యే తెలిసింది. ఆయన జీవితాన్ని ఎటువైపు నుంచి చదవాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, వరంగల్

బాబూ, అధ్యక్ష పదవిని కాసేపు పక్కన పెట్టి 1781 నుంచి మొదలుపెట్టు. ఆ ఏడాది పద్నాలుగేళ్ల ఆడమ్స్, ఫ్రాన్సిస్ డేనా అనే రాయబారి వెంట సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్లాడు. రష్యా దర్బారులో నడిచేది ఫ్రెంచి, డేనాకు ఆ భాష అంతంతమాత్రం, కనుక ఈ పిల్లవాడే ఆయనకు దుబాసీ. తరువాత నెదర్లాండ్స్, ప్రష్యా, రష్యా, బ్రిటన్‌లలో తానే రాయబారిగా పనిచేశాడు. 1814 డిసెంబరు 24న ఘెంట్‌లో బ్రిటన్‌తో సంధి కుదిర్చిన అమెరికా బృందానికి ఆయనే పెద్ద. 1812లో మొదలైన ఆ యుద్ధానికి ఒక ముఖ్య కారణమైన గొడవ, అంటే నావికులను బలవంతంగా పట్టుకుపోవడం, ఆ సంధిలో ప్రస్తావనకే రాలేదు. పాత సరిహద్దులే నిలిచాయి. తేలని విషయాన్ని వదిలేసి యుద్ధాన్ని ఆపగలగడమే అక్కడి నేర్పు అని నా అభిప్రాయం. విదేశాంగ మంత్రిగా 1819లో స్పెయిన్ నుంచి ఫ్లోరిడా సాధించాడు. నువ్వన్న మన్రో సిద్ధాంతం విషయంలో బ్రిటన్ ఉమ్మడి ప్రకటన చేద్దామన్నప్పుడు, వాళ్ల యుద్ధనౌక వెనుక చిన్న పడవలా సాగకుండా మన మాట మనమే చెబుదామని మంత్రివర్గంలో పట్టుబట్టినవాడు ఆయనే.

జవాబు: ఒక పాఠకుడు, కరీంనగర్

సార్, మీ మాటను గౌరవిస్తూనే ఒకటి చేర్చుతాను. ఫ్లోరిడా ఒట్టి మాటలతో రాలేదు. సేనాని ఆండ్రూ జాక్సన్ సైన్యంతో అక్కడ చొరబడి సెమినోల్ తెగలవారిపై దాడి చేసినప్పుడు, మంత్రివర్గంలో ఆయనను గట్టిగా వెనకేసుకొచ్చింది ఆడమ్సే. అదే జాక్సన్ 1824 ఎన్నికలో 99 ఎలక్టోరల్ ఓట్లతో ముందున్నా, ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో 84 వచ్చిన ఆడమ్స్‌ను ప్రతినిధుల సభ అధ్యక్షుడిని చేసింది. మద్దతిచ్చిన ఆ సభ స్పీకరు హెన్రీ క్లేకు విదేశాంగ పదవి దక్కడంతో బేరం కుదిరిందన్న నింద నాలుగేళ్లూ వెంటాడింది. దీన్ని వదిలేస్తే జవాబు సగమే అవుతుంది.

జవాబు: ఒక ఉపాధ్యాయురాలు, నర్సంపేట

తమ్ముడూ, విదేశాంగ మంత్రిగా చేసి, తరువాత దేశాన్ని నడిపిన బహుభాషావేత్తను మన లక్నేపల్లిలో పుట్టిన పీవీ గారిలో చూశాం కనుక ఆ భాగం నీకు సులువుగానే అర్థమవుతుంది. నా మనసు నిలిచేది మాత్రం ఆ తరువాతి కాలం మీద. అధ్యక్షుడిగా చేసిన మనిషి 1831లో మామూలు సభ్యుడిగా ప్రతినిధుల సభకు తిరిగొచ్చి, చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. బానిసత్వాన్ని రద్దు చేయాలన్న అర్జీలను చర్చకే రానివ్వని నిబంధన 1836లో వస్తే, 1844లో అది రద్దయ్యేదాకా ప్రతి సమావేశంలోనూ పోరాడారు. 1841లో, డెబ్బై మూడేళ్ల వయసులో, బానిసలుగా తరలిస్తుంటే తిరగబడిన అమిస్టాడ్ ఓడలోని ఆఫ్రికన్ల పక్షాన సుప్రీంకోర్టులో గంటల తరబడి వాదించారు. వాళ్లకు విముక్తి లభించింది. 1848 ఫిబ్రవరి 21న, మెక్సికో యుద్ధం చేసిన సేనాధికారులను గౌరవించే తీర్మానానికి ‘కాదు’ అని గట్టిగా పలికి, కాసేపటికి మాట్లాడడానికి లేవబోతూ తన బల్ల దగ్గరే ఒరిగిపోయారు. పక్కనే ఉన్న స్పీకరు గదికి మోసుకెళ్లారు; 23న అక్కడే కన్నుమూశారు. ఆ బల్ల ఉన్న చోట నేలలో ఇప్పటికీ ఒక లోహపు బిళ్ల ఉంది.