ఆర్‌ఎక్స్ 100 వేడెక్కాక స్లోలో నిలబడట్లేదు, కార్బురేటర్ కడిగించినా అంతే

బెజవాడ_కిక్కర్:
అన్నలూ నమస్తే. మా నాన్నగారి 1994 మోడల్ యమహా టూ స్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 100 చాలా కాలం షెడ్డులోనే పడుంటే ఈమధ్యే బయటికి తీశా. పొద్దున్నే చోక్ వేసి కిక్ కొడితే వెంటనే అందుకుంటుంది, అక్కడిదాకా ఓకే. వేడెక్కాకే అసలు గొడవ. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి యాక్సిలరేటర్ వదిలేస్తే, అంటే స్లోలో, రేసు (ఇంజన్ వేగం) దానంతటదే పైకి పోయి కాసేపు అలాగే అరిచి అరిచి, ఉన్నట్టుండి పడిపోయి ఇంజన్ ఆగిపోతుంది, ఇక వెనక ఆటోవాళ్ల హారన్లు వినాలి. స్లో స్క్రూ బిగిస్తే రేసు దిగదు, వదులు చేస్తే చచ్చిపోతుంది. మెకానిక్ కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడిగాడు, ప్లగ్గు మార్చాడు, సాయంత్రం దాకా బాగానే ఉండి మళ్లీ మామూలే. ఇప్పుడేమో కార్బురేటర్ మొత్తం మార్చేద్దాం అంటున్నాడు. రోడ్డు మీద పరుగుకి మాత్రం ఏ లోటూ లేదు. మార్చేయమంటారా?

గుంటూరు_టూస్ట్రోక్:
మార్చేయ్ తమ్ముడూ, పాత కార్బురేటర్‌తో ఎన్నాళ్లని కుస్తీ పడతావ్. లోపల గాలిదారి తెరిచి మూసే స్లైడు అరిగిపోయుంటే ఎన్నిసార్లు కడిగినా దండగే.

పాతబండి_మావయ్య:
ఆగాగు, అప్పుడే డబ్బులు తగలెయ్యకు. నీ బండికున్న ఒరిజినల్ మికుని కంపెనీ కార్బురేటర్ తీసేసి బజారులో దొరికే డూప్లికేట్ పెడితే ఉన్న కష్టానికి ఇంకోటి తోడవుతుంది, వాటిలో జెట్ (పెట్రోలు వచ్చే సన్న కన్నం) సైజులు ఎలా ఉంటాయో దేవుడికే తెలియాలి.

నువ్వు చెప్పినదాన్లోనే సమాధానం ఉంది చూడు. రేసు పైకి పోయి దిగకుండా ఉంటుందంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనట్టు. స్లోలో స్లైడు దాదాపు మూసుకునే ఉంటుంది కదా, ఇంజన్ పీల్చేదే కొంచెం గాలి, అందుకే ఎక్కడన్నా సన్న పగులులోంచి గాలి దూరినా లెక్క మొత్తం తప్పుతుంది. అదే అరవైలో పోతున్నప్పుడు ఆ కాస్త గాలి లెక్కలోకే రాదు, నీకు పరుగు బాగుండటానికి కారణం అదే.

ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చెయ్. బండి బాగా వేడెక్కాక స్లోలో ఉంచి చోక్ కొద్దిగా లాగు, చోక్ లాగితే పెట్రోలు పాలు పెరుగుతుంది. రేసు కుదుటపడితే పెట్రోలు చాలట్లేదని అర్థం, గుడగుడలాడి ఆగిపోతే పెట్రోలు ఎక్కువవుతోందని. నీది మొదటి రకమే అని నా అనుమానం.

తర్వాత కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే జాయింట్ రబ్బరు చూడు. బిగించి ఉన్నప్పుడు చూస్తే నున్నగా కనపడి మోసం చేస్తుంది, విప్పి చేత్తో వంచి వెలుతురులో పెట్టాలి, అంచు దగ్గర గోటిగీతల్లా పగుళ్లు విచ్చుకుంటాయి. గట్టిపడి చెక్కలా ఉంటే పగుళ్లు లేకపోయినా మార్చెయ్. విప్పకుండా తెలియాలంటే ఇంజన్ స్లోలో ఉండగా దాని చుట్టూ నీళ్లు సన్నగా స్ప్రే చెయ్, రేసు మారితే అక్కడే గాలి లాగుతున్నట్టు. కొంతమంది కార్బ్ క్లీనర్ కొడతారు గానీ అది అంటుకునే సరుకు, కాలుతున్న ఇంజన్ పక్కనే ఉంటుంది, వద్దు.

ఇంకోటి, పెట్రోలుతో కడిగితే స్లో జెట్ (స్లోలో పెట్రోలిచ్చే జెట్) శుభ్రపడదు. నిలవున్న పెట్రోలు ఎండి బంకలా పట్టేస్తుంది, దానికి క్లీనర్ పోసి నానబెట్టి గాలి కొట్టాలి. జెట్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే గుండ్రంగా చుక్క కనపడాలి. అందులో ఇనుప తీగ మాత్రం దూర్చనివ్వకు, కన్నం పెద్దదైపోతుంది.

ఓరుగల్లు_ఆర్‌ఎక్స్:
మావయ్య మంచిగ చెప్పిండు. రబ్బరు మార్చినంక కూడ గట్లనే ఉంటే క్రాంక్ షాఫ్టు రెండు దిక్కుల ఉండే రబ్బరు ఆయిల్ సీళ్ల మీద అనుమానం పెట్టుకో అన్నా. టూ స్ట్రోక్‌ల క్రాంక్ కేసు గూడ గాలి పీలుస్తది, అందుకే సీలు పోతే స్లో ఖరాబైతది. మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించేది) దిక్కు సీలు పోతే వట్టి గాలి లాగి రేసు ఎక్కుతది. క్లచ్ దిక్కుది పోతే గేరాయిల్ లాగుతది, తెల్లపొగ కొడ్తది, ఆయిల్ తగ్గుకుంట వస్తది. పొగ ఎట్లుంది నీ బండికి? బండి ఊకె పెట్టి ఉంచితే సీలు పెదవి గట్టిపడతది, నడిచే బండికన్న నిలబడ్డ బండికే ఈ రోగం ఎక్కువ. గిట్లనే దూరం పోకు, పెట్రోలు తక్కువైతే పిస్టన్ పట్టేస్తది.

గుంటూరు_టూస్ట్రోక్:
సీళ్ల సంగతి నిజమే. అయినా స్లైడు కూడా ఓసారి చూడండయ్యా, చేత్తో ఊపితే లొడలొడ తెలిసిపోతుంది.

బెజవాడ_కిక్కర్:
అందరికీ థాంక్స్. చోక్ లాగితే నిజంగానే కుదుటపడింది! రబ్బరు విప్పి వంచితే కింది వైపు, కంటికి ఆనని చోట, పొడుగ్గా పగులు. కొత్తది వేయించా, స్లో జెట్ కూడా క్లీనర్‌లో నానబెట్టించా. ఇప్పుడు బండి ఆగిపోవట్లేదు గానీ గట్టిగా రేసిచ్చి వదిలితే ఇంకా కాస్త ఆలస్యంగా దిగుతోంది. పొగ మామూలే, గేరాయిల్ తగ్గలేదు.

పాతబండి_మావయ్య:
సెట్టింగ్ చేశావా మరి? పగులున్నప్పుడు పెట్టిన సెట్టింగ్ ఇప్పుడు పనికిరాదు. కాసేపు తిప్పి వేడెక్కించాక ఎయిర్ స్క్రూ (స్లోలో గాలి పాలు సరిచేసేది) పూర్తిగా లోపలికి, మెల్లగా, నొక్కకుండా తిప్పి అక్కణ్ణుంచి ఒకటిన్నర చుట్టు బయటికి తియ్. తర్వాత పావు పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ రేసు ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ ఆపి, స్లో స్క్రూతో దించు. నీ బండిలో ఎయిర్ స్క్రూ బయటికి తీస్తే గాలి పెరుగుతుంది, ఫోర్ స్ట్రోక్‌ల మిక్చర్ స్క్రూ అలవాటున్నవాళ్లు తిరగేసి తిప్పేస్తారు, మీ మెకానిక్‌ని కనిపెట్టి ఉండు. అలాగే యాక్సిలరేటర్ కేబుల్‌కి కొద్దిగా ఆట ఉందో లేదో చూడు, హ్యాండిల్ పూర్తిగా పక్కకి తిప్పినప్పుడు రేసు పెరిగితే కేబుల్ లాగుతున్నట్టే.

ఓరుగల్లు_ఆర్‌ఎక్స్:
గది చేసినా దిగకపోతే మ్యాగ్నెట్ దిక్కు సీలే అన్నా, మొత్తం ఇంజన్ విప్పుడు అక్కర్లే, మ్యాగ్నెట్ గుంజితే సీలు కనబడ్తది. పుల్లర్ పెట్టే గుంజమను, సుత్తెతోని కొట్టనియ్యకు.