బోర్డు లేని మ్యూరల్, శిల్పం ఎవరివో కనుక్కోవడం ఎలా?

దారితప్పినవాడు:
కొత్త ఊళ్లో సందు తిరగ్గానే నాలుగంతస్తుల మ్యూరలో (గోడంతా వేసిన బొమ్మ), కంచు శిల్పమో ఎదురవుతుంది. పక్కన బోర్డు ఉండదు. ఎవరు చేశారో ఎక్కడ చూడాలి? ఫోన్‌లో తీస్తే గోడ పైకి పోయేకొద్దీ సన్నబడుతోంది. ఆ ఫొటోతో పోస్టర్లు వేసి అమ్మొచ్చా?

గోడగీత:
మ్యూరల్ అయితే కింది మూలలు రెండూ చూడండి. సంతకం, సంవత్సరం, ఇన్‌స్టా పేరు ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఆగి ఉన్న బండి అడ్డొస్తే పక్కకెళ్లి వంగి చూడాల్సిందే. రెండు మూడు పేర్లుంటే ఒకటి స్పాన్సర్‌ది కావచ్చు. బొమ్మ మీద అడ్డంగా స్ప్రే కొట్టిన పేరు సంతకం కాదు, తర్వాత ఇంకెవరో తమ పేరు రాసుకున్న ట్యాగ్.

కంచు శిల్పానికి రాతి దిమ్మె మీద కాదు, బొమ్మ కాళ్ల కింది కంచు పలక అంచున, ముఖ్యంగా వెనకవైపు వెతకండి. పక్కనే '3/8' అని ఉంటే ఒకే అచ్చుతో పోసిన ఎనిమిది పోతల్లో మూడోదని. ఇంకో చిన్న ముద్ర ఫౌండ్రీది, అంటే కంచు పోత పోసిన కార్ఖానాది. దాన్నే శిల్పి పేరనుకుని వెతికేవాళ్లే ఎక్కువ. ఒకే శిల్పం రెండు ఊళ్లలో కనబడినా కంగారుపడొద్దు: ఫ్రెంచ్ శిల్పి రోదా చేసిన 'కాలే పౌరులు' ఫ్రాన్స్‌లోని కాలే ఊళ్లోనూ ఉంది, లండన్‌లో పార్లమెంటు పక్క తోటలోనూ ఉంది.

అక్షరాలు అరిగిపోతే ఫోన్ టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి, పలకకు దాదాపు ఆనించి వేయండి. గాట్లలో నీడ పడి అక్షరం లేస్తుంది.

నిలువుచట్రం:
ఫోన్ పైకెత్తి వంచడం వల్లే గోడ సన్నబడేది. వీధికి అవతలి పక్కకెళ్లి, ఫోన్ నిటారుగా పట్టి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. వెనక్కి చోటు లేదా? 0.5ఎక్స్ పెట్టి, వంచకుండానే తీసి, కింద పడిన రోడ్డంతా కత్తిరించేయండి. సగం ఎండ, సగం నీడ ఉంటే గోడంతా నీడలోకి వచ్చేదాకా ఆగడమే మేలు. లెన్సు ముందు పెట్టి మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ గాజు మీద, టైళ్ల మీద పనిచేస్తుంది. చికాగోలోని క్లౌడ్ గేట్ శిల్పం లాంటి, అద్దంలా మెరిసే స్టీలు మీద దాదాపు దండగ.

పటంపిచ్చి:
సంతకం దొరక్కపోతే గూగుల్ స్ట్రీట్ వ్యూలో అదే చోటి పాత తేదీల ఫొటోలు తిప్పండి. గోడ ఖాళీగా ఉన్న చివరి తేదీ, బొమ్మ కనబడిన మొదటి తేదీ తెలిస్తే ఆ మధ్యకాలపు స్థానిక వార్తలు వెతకొచ్చు. ఊరి భాషలో వీధి పేరు కొడితే త్వరగా తగులుతుంది. జనమే కలిసి తయారుచేసే ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ కళాకృతులకు విడిగా గుర్తులున్నాయి.

అమ్మకం సంగతి దేశాన్ని బట్టి. జర్మనీలో బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్నవాటి ఫొటోలు అమ్మొచ్చు, ఫ్రాన్స్‌లో వ్యాపారానికి కుదరదు. మన 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(టి) బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలకు మినహాయింపు ఇస్తుంది కానీ పెయింటింగులకు ఇవ్వదు. కాబట్టి మ్యూరల్ పోస్టర్ అమ్మాలంటే చిత్రకారుణ్ని అడగాలి.